సముద్రం గీసిన జిల్లా: నార్డ్‌ఫ్రీస్లాండ్ యాత్ర

ఆదివారం, హుసుమ్

జర్మనీ పటంలో పైన, డెన్మార్క్ సరిహద్దు కింద, పడమటి ఒడ్డు చిరిగిన గుడ్డలా కనిపిస్తుంది. కొన్ని పెద్ద దీవులు, వాటి మధ్య చిన్న చిన్న మట్టి పలకల్లాంటి లంకలు, చుట్టూ రోజుకు రెండుసార్లు మునిగి తేలే బురద నేల. ఇదంతా నార్డ్‌ఫ్రీస్లాండ్ జిల్లా. విస్తీర్ణం సుమారు 2,080 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు లక్షల కన్నా తక్కువ. ఈ ఒడ్డు ఇలా ఎందుకు చిరిగిందో, మిగిలిన నేలను జనం ఎలా కాపాడుకుంటున్నారో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మే నెలలో పగళ్లు బాగా పెరుగుతాయి, అందుకే అప్పుడు బయల్దేరాను.

హాంబుర్గ్ ఆల్టోనా స్టేషన్‌లో రైలెక్కితే హుసుమ్ చేరడానికి దాదాపు రెండు గంటలు. దారిలో హోఖ్‌డాన్ దగ్గర రైలు కీల్ కాలువను ఎత్తైన ఉక్కు వంతెన మీద దాటుతుంది. కింద ఓడలు బొమ్మల్లా కనిపిస్తాయి. తర్వాత చూపు ఆనేంత మేరా చదును నేలే: కాలువలు, ఆవులు, గాలిమరలు. ఐడర్ నది దాటగానే మన జిల్లా మొదలవుతుంది. ఈ నది చిన్నదే కానీ దాని చరిత్ర పెద్దది. 811లో దక్షిణాన ఉన్న ఫ్రాంకులూ, ఉత్తరాన ఉన్న డేనులూ (డెన్మార్క్ వాళ్లు) దీన్నే తమ రాజ్యాల హద్దుగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఈ ఒడ్డు ఎవరిది అన్న తగాదా తెగలేదు.

హుసుమ్ జిల్లా కేంద్రం. రేవు ఊరి నడిమధ్యలోనే ఉంది. నేను వెళ్లినప్పుడు ఆటు సమయం, పడవలన్నీ బురదలో కూర్చున్నాయి. సాయంత్రానికి అవే పడవలు నీళ్ల మీద తేలుతున్నాయి. ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా మూడు మీటర్లకు పైనే. విచిత్రమేమిటంటే, 1362 ఉప్పెనకు ముందు హుసుమ్ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరే కాదు. ఆ ఉప్పెన మధ్యలో ఉన్న నేలను కోసుకుంటూ వచ్చి ఊరి గడప దాకా నీటి దారి తెచ్చిపెట్టింది. అలా రేవు వచ్చింది, వ్యాపారం వచ్చింది. పక్క ఊళ్లను మింగిన నీరే ఈ ఊరికి బతుకు ఇచ్చింది.

రచయిత టెయోడోర్ ష్టోర్మ్ 1817లో పుట్టింది ఇక్కడే. వృత్తి రీత్యా లాయరు. డెన్మార్క్ పాలనను వ్యతిరేకించినందుకు ప్రాక్టీసు పోగొట్టుకుని, ఊరు వదిలి ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశాడు. 1864 యుద్ధంలో ఈ ప్రాంతం డెన్మార్క్ చేయి జారాకే తిరిగొచ్చాడు. ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1888లో వచ్చిన ఆయన చివరి నవలికలో కథానాయకుడు కరకట్టల పెద్ద. ఈ తీరంలో ఆ పదవికి ఎంత విలువ ఉండేదో ఆ కథ ఎంచుకున్న తీరులోనే తెలుస్తుంది.

ఇక జిల్లా సంగతి. జర్మనీలో ఇలాంటి జిల్లాలు 294 ఉన్నాయి. మన కలెక్టరు ప్రభుత్వం వేసిన అధికారి. ఇక్కడి జిల్లా అధిపతిని మాత్రం జనం ఎన్నుకున్న జిల్లా సభ ఎన్నుకుంటుంది. చెత్త సేకరణ, జిల్లా రోడ్లు, బస్సులు, వాహనాల రిజిస్ట్రేషన్, కొన్ని రకాల బడులు ఈ జిల్లా చేతిలో ఉంటాయి. నార్డ్‌ఫ్రీస్లాండ్ పేరు పాతదే కానీ జిల్లా మాత్రం 1970లో పుట్టింది. హుసుమ్, ఐడర్‌ష్టెట్, దక్షిణ టోండర్న్ అనే మూడు పాత జిల్లాలను కలిపి దీన్ని చేశారు. మూడో దాని కథ నన్ను బాగా ఆకట్టుకుంది. టోండర్న్ అనే ఊరు కేంద్రంగా ఒక జిల్లా ఉండేది. 1920లో ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత సరిహద్దు మారి ఆ ఊరు డెన్మార్క్‌కు వెళ్లిపోయింది. మిగిలిన దక్షిణ భాగం యాభై ఏళ్లు ఆ ఊరి పేరుతోనే నడిచింది. కేంద్రం ఒక దేశంలో, దాని పేరు పెట్టుకున్న జిల్లా మరో దేశంలో!

సోమవారం, ఫ్రీడ్రిష్‌ష్టాట్, ఐడర్‌ష్టెట్

హుసుమ్‌లో కారు అద్దెకు తీసుకుని దక్షిణానికి వెళ్లాను. ఫ్రీడ్రిష్‌ష్టాట్‌ను 1621లో గోటార్ఫ్ డ్యూక్ మూడో ఫ్రీడ్రిష్ కట్టించాడు. హాలండ్‌లో మత విభేదాల వల్ల వెలివేతకు గురైన రెమాన్‌స్ట్రాంట్లు అనే ప్రొటెస్టంట్ శాఖవాళ్లను పిలిచి, మీ మతం మీరు పాటించుకోండి, నాకు వ్యాపారం తెండి అన్నాడు. వాళ్లు వచ్చి తమ ఊరి పద్ధతిలో కాలువలు తవ్వి, మెట్ల అంచు ఇటుక ఇళ్లు కట్టారు. తర్వాత మెన్నోనైట్లు, క్వేకర్లు, కాథలిక్కులు, యూదులు వచ్చారు. ఐరోపా మతం పేరుతో ముప్పై ఏళ్ల యుద్ధం చేసుకుంటున్న రోజుల్లో ఇంత చిన్న ఊళ్లో ఇన్ని ప్రార్థనా మందిరాలు! డ్యూక్ కలగన్న మహా వ్యాపార కేంద్రం మాత్రం రాలేదు. యూదుల సమాజం నాజీల కాలంలో అంతరించింది, వాళ్ల ప్రార్థనా మందిరం భవనం మాత్రం మిగిలింది. రెమాన్‌స్ట్రాంట్ల చర్చి ఈనాటికీ ఉంది.

అక్కడి నుంచి ఐడర్‌ష్టెట్ ద్వీపకల్పం. నిజానికి ఇది ఒకప్పుడు మూడు వేర్వేరు ముక్కలు. మధ్యలో ఉన్న నీటి పాయలకు శతాబ్దాల పాటు కట్టలు వేసుకుంటూ వాటిని కలిపేశారు. హౌబార్గ్ అనే భారీ జమ్ముకప్పు ఇళ్లు ఇక్కడి ప్రత్యేకత. నాలుగైదు అంతస్తుల ఎత్తున పైకప్పు ఉంటుంది. దాని కిందే మనుషులు, పశువులు, గడ్డి, ధాన్యం అన్నీ. పైకప్పు బరువంతా గోడల మీద కాక లోపలి కొయ్య స్తంభాల మీద ఉంటుంది కాబట్టి వరదకు గోడ కూలినా ఇల్లు నిలబడుతుందని ఆ ఇల్లు చూపించినాయన చెప్పాడు.

సాయంత్రం ఐడర్ ముఖద్వారం దగ్గరి ఆనకట్ట మీద నిలబడ్డాను. 1962 ఫిబ్రవరి ఉప్పెన హాంబుర్గ్‌లో 300 మందికి పైగా ప్రాణాలు తీశాక, నది పొడవునా కట్టలు పెంచడం కన్నా సముద్రం దగ్గరే తలుపులు పెట్టడం మేలని నిర్ణయించి దీన్ని కట్టారు. 1973లో పూర్తయింది. మామూలు రోజుల్లో తలుపులు తెరిచే ఉంటాయి, పోటూ ఆటూ వచ్చి పోతుంటాయి. తుఫాను వస్తే దించేస్తారు. వెస్టర్‌హెవర్ దీపస్తంభం కూడా చూశాను. ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో అంతే, దాని గురించి చెప్పేదేమీ లేదు.

మంగళవారం, నార్డ్‌ష్ట్రాండ్, బురద మీద నడక

ఈ ప్రయాణంలో మరపురాని రోజు ఇది.

నార్డ్‌ష్ట్రాండ్‌కు ఇప్పుడు రోడ్డు కట్ట మీదుగా వెళ్లవచ్చు. ఒకప్పుడు ఇక్కడ ష్ట్రాండ్ అనే పెద్ద దీవి ఉండేది. 1634 అక్టోబరు 11 రాత్రి వచ్చిన ఉప్పెనకు కట్టలు పదుల చోట్ల తెగాయి. ఆ ఒక్క దీవిలోనే 6,000 మందికి పైగా చనిపోయారు. తెల్లారేసరికి దీవి ముక్కలైంది. ఇప్పటి నార్డ్‌ష్ట్రాండ్, పెల్‌వోర్మ్, వాటి మధ్య ఒక చిన్న లంక, ఇవే మిగిలాయి. 1977 నవంబరులో దివిసీమ మీద పడ్డ ఉప్పెన గురించి పెద్దవాళ్ల నోట విన్న మనకు, ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో విడిగా వర్ణించనక్కర్లేదు.

ఉప్పెన తర్వాత బతికున్నవాళ్ల దగ్గర కట్టలు మళ్లీ కట్టే శక్తి లేదు. అప్పుడు పాత చట్టం ఒకటి పనిచేసింది. కట్టలో తన వంతు భాగాన్ని కాపాడలేని రైతు తన పారను అక్కడ గుచ్చి నేల వదిలి పోవాలి. ఆ పారను పీకినవాడికి నేలా, కట్ట బాధ్యతా రెండూ వస్తాయి. కట్ట కట్టనివాడు తప్పుకోవాల్సిందే అని ఇక్కడివాళ్లకు ఒక సామెతే ఉంది. డ్యూక్ ఇదే ఆధారంగా నార్డ్‌ష్ట్రాండ్ నేలను హాలండ్, బ్రబాంట్ ప్రాంతాల నుంచి డబ్బుతో వచ్చినవాళ్లకు ఇచ్చాడు. వాళ్లు కట్టలు నిలబెట్టారు. కానీ అయినవాళ్లనూ పోగొట్టుకుని, తాతల నేలనూ పోగొట్టుకున్న పాత రైతుల సంగతి? చట్టం ప్రకారం సరైనదే, కట్ట లేకపోతే ఊరంతా పోతుంది, నిజమే. అయినా ఆ చట్టం నాకు చాలా కఠినంగా అనిపించింది.

మధ్యాహ్నం గైడు వెంట గుంపుగా బురద మీద నడక మొదలుపెట్టాం. ఇక్కడ గైడు లేకుండా దిగకూడదు. నీరు ఎదురుగా రాదు, వెనక నుంచి పాయల్లో నిండి దారి మూసేస్తుంది. పొగమంచు కమ్మితే దిక్కు తెలియదు. చెప్పులు విప్పి నడిచాం. కొన్నిచోట్ల గట్టి ఇసుక, కొన్నిచోట్ల మోకాలి దాకా దిగబడే నల్ల బురద. అడుగడుక్కీ ఇసుక పురుగులు తోడి పోసిన చిన్న చిన్న మట్టి కుప్పలు. 1985 నుంచి ఈ బురద తీరం జాతీయ పార్కు, 2009 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఉత్తర ధ్రువ ప్రాంతాలకు పోయే లక్షల పక్షులు మధ్యలో ఆగి కడుపు నింపుకునేది ఇక్కడే.

మా దారి జూడ్‌ఫాల్ అనే లంక వైపు. 1362 జనవరి ఉప్పెనలో మునిగిపోయిన రుంగ్‌హోల్ట్ పట్టణం ఆ చుట్టుపక్కలే ఉండేది. చాలాకాలం అదొక కట్టుకథ అనుకున్నారు. 1920ల్లో నార్డ్‌ష్ట్రాండ్ రైతు ఆండ్రెయాస్ బుష్ ఆటు సమయాల్లో తిరిగి, బురదలోంచి బయటపడ్డ బావుల అడుగుల్నీ, తూముల కొయ్యల్నీ, నాగలి చాళ్లనూ కొలిచి పటాలు గీశాడు. 2023లో పరిశోధకులు పరికరాలతో నేల లోపల వెతికి, వరసగా ఉన్న ఇళ్ల దిబ్బలనూ, దాదాపు 40 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చర్చి పునాదినీ గుర్తించారు.

రుంగ్‌హోల్ట్ ఎందుకు మునిగిందంటే జనం దాని అహంకారం వల్ల అని కథలు చెప్పుకున్నారు. అసలు కారణం నేలలోనే ఉంది. ఇక్కడ మట్టి కింద పీట్ పొర ఉంటుంది, అంటే వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న నాచూ మొక్కలూ. సముద్రపు నీరు ఇంకిన ఆ పొరను తవ్వి, ఎండబెట్టి, కాల్చి, బూడిదలోంచి ఉప్పు తీసి అమ్మేవాళ్లు. మంచి ఆదాయం. దానికి తోడు పొలాల కోసం నేలలో నీరు తోడేస్తే పీట్ కుంగిపోతుంది. అలా కట్టల వెనక ఊరు ఏటికేడు కిందికి దిగింది. కట్టలేమో రెండు మీటర్ల ఎత్తువి. నీరు ఒకసారి లోపలికి వచ్చాక తిరిగి పోలేదు. తమ కాళ్ల కింది నేలనే వాళ్లు అమ్ముకున్నారని గైడు అన్నప్పుడు మా గుంపులో ఎవరూ మాట్లాడలేదు.

తిరిగొచ్చాక కట్ట ఎక్కి చూశాను. ఏటవాలు గడ్డి, దాని నిండా గొర్రెలు. గొర్రెలు గడ్డిని పొట్టిగా మేస్తాయి, గిట్టలతో మట్టిని తొక్కి గట్టి చేస్తాయి. వేళ్లు గట్టిగా అల్లుకున్న గడ్డే అలల దెబ్బకు మొదటి రక్ష. ఇప్పుడు కొత్తగా బలపరిచే కట్టల మీది అంచును కావాలనే వెడల్పుగా పెడుతున్నారు, సముద్రమట్టం ఇంకా పెరిగితే దాని మీదే మరికొంత ఎత్తు కట్టుకోవచ్చని.

బుధవారం, గురువారం, హోగె

హల్లిగ్ అంటే కరకట్ట రక్షణ లేని, లేదా చిన్న కట్ట మాత్రమే ఉన్న చదును లంక. అలాంటివి పది ఉన్నాయి. ష్ల్యూట్‌సీల్ రేవులో కారు వదిలి పడవలో గంటకు పైగా ప్రయాణిస్తే హోగె. సముద్రం మీద వరసగా మట్టి దిబ్బలు, దిబ్బకు నాలుగైదు ఇళ్లు, మధ్యలో పచ్చిక. నీరు పెరిగితే పచ్చికంతా మునిగి దిబ్బలు మాత్రమే పైకి ఉంటాయి. చలికాలంలో అది మామూలు సంగతి.

నేను బస చేసిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. "భయం వేయదా?" అని అడిగాను. "నీళ్లు వస్తాయని ముందే తెలుస్తుంది కదా. పశువుల్ని పైకి తోలుకుంటాం, సామాను సర్దుకుంటాం, టీ పెట్టుకుంటాం. పడవ రాని రోజుల్లో బిడ్డకు జ్వరం వస్తే, అప్పుడు టెన్షన్" అంది. ఇంటి పైఅంతస్తులో ఒక గది చూపించింది. దాని కాంక్రీటు స్తంభాలు దిబ్బ లోతుల దాకా దిగి ఉంటాయి. 1962 తర్వాత హల్లిగ్ ఇళ్లలో ఇలాంటి గదులు కట్టారు. కింద ఇల్లు మొత్తం పోయినా ఆ గది నిలుస్తుంది.

దిబ్బ మధ్యలో ఒక కుంట ఉంది. పైపులైను రాకముందు వాన నీటిని ఇందులో పట్టి పశువులకు పెట్టేవాళ్లు. ఉప్పెన నీరు కుంటలో పడితే తాగునీరు పోయినట్టే. చుట్టూ అంత నీరున్నా హల్లిగ్ మనిషి అసలు కష్టం మంచినీళ్లే.

1825 ఫిబ్రవరి ఉప్పెన హల్లిగ్‌లను దాదాపు తుడిచిపెట్టింది. ఆ జులైలో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ నష్టం చూడటానికి వచ్చి, వాతావరణం తిరగబడి ఒక రాత్రి హోగెలోనే ఉండిపోయాడు. ఆయన పడుకున్న ఓడ కెప్టెన్ ఇల్లు ఇప్పటికీ చూపిస్తారు. గోడల నిండా నీలి రంగు డచ్ పింగాణీ పలకలు. సముద్రం మధ్య మట్టి దిబ్బ మీద అంత సంపద ఎలా వచ్చిందంటే, అప్పట్లో ఇక్కడి మగవాళ్లు డచ్ ఓడల మీద తిమింగలాల వేటకూ, సరుకు రవాణాకూ వెళ్లేవాళ్లు. చర్చిని మాత్రం 1634లో పాడైన ష్ట్రాండ్ చర్చి ఒకదాని సామగ్రితో కట్టారు.

గురువారం ఉదయం పచ్చిక మీద వేలాది నల్ల బాతుల గుంపు దిగింది. సైబీరియా వెళ్లే ముందు ఇక్కడ మేత మేస్తాయి. ఒకప్పుడు గడ్డి అంతా తినేస్తున్నాయని రైతులకు వీటంటే కోపం, ఇప్పుడు మేత నష్టానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. వాటిని చూడటానికి జనం కూడా వస్తున్నారు.

శుక్రవారం, ఫ్యోర్

ఒడ్డుకు తిరిగొచ్చి డాగెబ్యుల్ వెళ్లే దారంతా సముద్రం నుంచి సంపాదించిన నేలే. కట్ట వేసి సాధించిన ఒక్కో భూభాగాన్ని కోగ్ అంటారు. ఒక కోగ్‌కు ష్టోర్మ్ కథానాయకుడి పేరు, హౌకె హైన్, పెట్టారు. ఇంకాస్త దక్షిణాన 1920ల్లో కట్టిన జ్యోన్కె నిస్సెన్ కోగ్‌లో తెల్ల గోడలు, ఆకుపచ్చ పైకప్పుల రైతు ఇళ్లున్నాయి. వాటి పేర్లు నమీబియా రైల్వే స్టేషన్లవి. జ్యోన్కె నిస్సెన్ అక్కడ జర్మన్ వలస కాలంలో రైలు మార్గం వేసిన ఇంజినీరు, వజ్రాల్లో ధనవంతుడయ్యాడు. ఆ డబ్బు ఈ కట్టలోకి వచ్చింది. ఆ రైలు పట్టాలు వేయడంలో ఎంతోమంది ఆఫ్రికన్ ఖైదీలు చనిపోయారు. ఆ ఇళ్లను చూసేవాళ్లు ఆ సంగతి కూడా తెలుసుకుని చూడాలి.

ఫ్యోర్ దీవిలో జ్యూడెరెండె చర్చి ఆవరణలో సమాధి రాళ్లు పూర్తి జీవిత చరిత్రలు చెబుతాయి. పుట్టుక, పెళ్లి, పిల్లలు, ఎక్కిన ఓడలు, చావు, అన్నీ చెక్కి ఉంటాయి. మతియాస్ పేటర్సన్ అనే 17వ శతాబ్దపు కెప్టెన్ రాయి మీద 373 తిమింగలాలు పట్టినట్టు లాటిన్‌లో ఉంది. అదే కాలంలో ఇక్కడి పాస్టర్ రిచార్డస్ పెట్రి కుర్రాళ్లకు నౌకాయాన విద్య ఉచితంగా నేర్పాడు, నేర్చుకున్నది మరొకరికి చెప్పాలన్న షరతుతో. ఆ ఒక్క షరతుతో చదువు ఇంటింటికీ పాకి, చిన్న దీవి నిండా కెప్టెన్లు తయారయ్యారు.

దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునే భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది ఫ్రీసియన్. మాట్లాడేవాళ్లు మొత్తం పదివేలకు మించరు, అందులోనూ దీవికొక మాండలికం. జిల్లాలో జర్మన్, "లో జర్మన్" అనే ఉత్తర జర్మనీ భాష, డేనిష్, దాని దక్షిణ మాండలికం, ఫ్రీసియన్ ఐదూ వినిపిస్తాయి. స్టేషన్ బోర్డుల మీద ఫ్రీసియన్ పేర్లు ఉన్నాయి, 2004 నుంచి దానికి రాష్ట్ర చట్టం రక్షణ కూడా ఉంది. అయినా ఇంట్లో పిల్లలతో మాట్లాడితేనే నిలుస్తుంది. దుకాణంలో ఆ తల్లుల వెంట ఉన్న పిల్లలు కూడా ఆ భాషలోనే జవాబు ఇస్తుంటే నాకు సంతోషం వేసింది.

శనివారం, సిల్ట్

నీబ్యుల్ నుంచి సిల్ట్‌కు రోడ్డు లేదు, రైలొక్కటే. కార్లను కూడా రైలు మీదే ఎక్కిస్తారు. 1920లో సరిహద్దు మారాక సిల్ట్‌కు పడవలు బయల్దేరే హోయర్ రేవు డెన్మార్క్‌లోకి పోయింది. సొంత దీవికి పోవాలంటే పరాయి దేశం మీదుగా వెళ్లాల్సి వచ్చేది. అందుకే బురద మీద 11 కిలోమీటర్ల కట్ట వేసి 1927లో రైలు నడిపారు. దానికి అప్పటి అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ పేరు పెట్టారు. ఆరేళ్లకు హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించింది ఆయనే.

సిల్ట్ ధనవంతుల దీవి. ఇళ్ల ధరలు ఎంత పెరిగాయంటే, హోటళ్లలో పనిచేసేవాళ్లు దీవిలో ఉండలేక రోజూ ఒడ్డు నుంచి రైల్లో వస్తారు. ఉదయం రైలు వాళ్లతో కిక్కిరిసి ఉంది. పడమటి ఒడ్డును అలలు కోసేస్తుంటే, 1972 నుంచి సముద్రం అడుగున ఇసుక తోడి తీరం మీద పోస్తున్నారు. పోసింది తుఫానుకు పోతుంది, మళ్లీ పోస్తారు. ఇది వృథా అనేవాళ్లున్నారు. నాకలా అనిపించలేదు. రుంగ్‌హోల్ట్ వాళ్లు నేల తీసి అమ్ముకున్నారు, వీళ్లు తెచ్చి పోస్తున్నారు. ఖర్చు మాత్రం ఎవరు భరించాలి, ఆ ఇళ్లున్నవాళ్లా, పన్ను కట్టే అందరూనా అన్నది న్యాయమైన ప్రశ్నే.

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: సిల్ట్‌కు ఒక పూట చాలు, మిగిలిన సమయం హల్లిగ్‌లకు ఇవ్వండి. హోగెకు పగలు వచ్చి సాయంత్రం పోయేవాళ్లే ఎక్కువ, మీరు ఒక రాత్రయినా ఉండండి. బురద నడకకూ కొన్ని పడవలకూ వేళలు ఆటుపోట్లను బట్టి రోజూ మారతాయి. కాబట్టి ముందు ఆ పట్టిక చూసుకుని, ఆ తర్వాతే గది బుక్ చేసుకోండి. మే నెలలో కూడా గాలి చలిగా కొడుతుంది, మందపాటి జాకెట్ తప్పనిసరి.